తెగిందా, తెంచారా, తెగనిచ్చారా?

పర్లాకిమిడి

చిరంజీవికి ఆశీస్సులు.

తుపాను మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఊపు ఉంది. కానీ మొదటి పేరాలోనే విపత్తు, వైపరీత్యం, దైవఘటన, ఫోర్స్ మజూర్ అన్నీ ఒకే గాటన కట్టేశావు. పత్రికలో చెల్లుతుందేమో గానీ కోర్టు గుమ్మం దాటగానే ఇవి తలో దారీ పడతాయి. 'వైపరీత్యం' వాడుకమాట, దాన్ని వదిలేద్దాం. మిగతా మూడింటి సంగతి చెబుతాను.

'విపత్తు' సర్కారు మాట. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలో ప్రకృతి వల్ల వచ్చినా, మనిషి వల్ల వచ్చినా, చివరికి నిర్లక్ష్యం వల్ల వచ్చినా, అక్కడి జనం తట్టుకోలేనంత నష్టం జరిగితే విపత్తే. తప్పెవరిదని అడగరు, సాయం అందాలా వద్దా అని చూస్తారు. అందుకే కేంద్రం జాబితాలో తుపాను, వరద, భూకంపం సరసన చీడల దాడి కూడా ఉంది. ఒడిశా తన వంతుగా పిడుగునీ వడగాలినీ పాముకాటునీ కలుపుకుంది. పంటకైతే నష్టం 33 శాతానికి తగ్గకపోతేనే పెట్టుబడి రాయితీ. మన పెద్దల ఈతిబాధల లెక్క కూడా ఇలాంటి కలగూరగంపే: అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడతలు, చిలకలు, పొరుగున మోహరించిన రాజులు. ఆ ఆరోవాళ్లని గుర్తుపెట్టుకో, మళ్లీ వస్తారు.

'దైవఘటన' అలా కాదు. అది ప్రతివాది అడ్డం పెట్టుకునే డాలు. నష్టానికి కారణం ప్రకృతి శక్తే అయివుండాలి, అందులో మనిషి చెయ్యి ఉండకూడదు, తగిన జాగ్రత్త తీసుకున్నా ఊహించి ఆపలేనిదై ఉండాలి. డాలు ఎత్తినవాడే ఇవన్నీ రుజువు చేసుకోవాలి. దారిలో మూక సరుకు దోచుకుపోయిందని రవాణాదారు చెప్పిన కేసులో 1971లో కేరళ హైకోర్టు అది దైవఘటన కాదంది. మూక అంటే మనుషులే కదా.

ఫోర్స్ మజూర్ అంటే మన చేతిలో లేని కారణాల వల్ల ఒప్పందం నిలుపుకోలేకపోతే బాధ్యత తప్పించే షరతు. ఇందులో మాత్రం మనుషులూ ఇముడుతారు. యుద్ధం, సమ్మె, ప్రభుత్వ నిషేధం, ఏవి రాసుకుంటే అవి. ఆరో ఈతి రాజులకు చోటు ఇక్కడ. ఒప్పందంలో రాసుకున్న షరతైతే 1872 కాంట్రాక్టు చట్టం 32వ సెక్షన్ కింద చూస్తారు. రాసుకోకపోతే, అసాధ్యమైన ఒప్పందం చెల్లదనే 56వ సెక్షన్ దిక్కు. దాని కింద పని అక్షరాలా అసాధ్యం కానక్కర్లేదు, ఒప్పందం పునాదే కదిలిపోతే చాలని 1954లో సత్యబ్రత ఘోష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ధర పెరిగింది, గిట్టుబాటు కావడం లేదు అంటే కుదరదని 2017లో ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో తేల్చింది. 'అనివార్య కారణాల వల్ల సభ వాయిదా' అని కరపత్రం వేసే మన సాహితీ సంఘాలు ఆ తీర్పు ఓసారి చదివితే మంచిది.

ఇక 'కనీవినీ ఎరుగని వాన' అని రాశావు. ఎన్ని మిల్లీమీటర్లు? 1958లో మధ్యప్రదేశ్ హైకోర్టుకు ఒక గోడ కేసు వచ్చింది. వానకి గోడ కూలి ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఆ రోజు కురిసింది 2.66 అంగుళాలు. వానాకాలంలో అది విశేషమేమీ కాదు, దైవఘటన అనడానికి వీల్లేదన్నారు. 2.66 అంగుళాలంటే దాదాపు 67.6 మిల్లీమీటర్లు. వాతావరణ శాఖ ఇవాళ్టి కొలతలో 64.5 దాటితే 'భారీ', 115.6 నుంచి 'అతి భారీ', 204.5 నుంచి 'అత్యంత భారీ'. చూశావా, 'భారీ వర్షం' ఉన్నంత మాత్రాన దేవుడు సాక్ష్యానికి రాడు. 1876లో ఇంగ్లండులో నికల్స్ కేసులో మాత్రం వచ్చాడు. అసాధారణమైన వానకి ఒకావిడ స్థలంలోని కృత్రిమ చెరువులు తెగి నాలుగు వంతెనలు కొట్టుకుపోతే, చెరువుల కట్టడంలో గానీ నిర్వహణలో గానీ లోపం లేదని తేలాక ఆమెను వదిలేశారు.

ఈ తేడా పట్టుకోవడానికి తెలుగు క్రియలను మించినవి లేవు. తెగు, తెంచు. మునుగు, ముంచు. కూలు, కూల్చు. 'గెడ్డ (వాగు) గట్టు తెగింది' అనగానే మనిషి మాయమైపోతాడు. 'తెంచారు' అంటే నేరం మోపినట్టే. ఈ రెంటికీ నడుమ 'తెగనిచ్చారు' ఉంది. నిర్లక్ష్యం కేసులన్నీ ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతాయి. ఆనకట్ట నుంచి వదిలిన నీళ్లు తోటల్ని పాడుచేసిన గుజరాత్ కేసులో 2016లో సుప్రీంకోర్టు దైవఘటన వాదన ఒప్పుకోలేదు. 'వరద ముంచేసింది' అని రాసే ముందు గేట్లు ఎప్పుడు ఎత్తారో, కింది ఊళ్లకి కబురు ఎప్పుడు వెళ్లిందో కనుక్కో.

తిత్లీ తుపాను గురించి రాసిన భాగంలో 'ఎవరూ ఊహించని' అన్నది కొట్టెయ్. తుపానుకి వాతావరణ శాఖ 72 గంటల ముందు నుంచి అంచెలంచెలుగా హెచ్చరిస్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటడం చెప్పకుండా వచ్చిన ఉపద్రవం కాదు. ఆ తర్వాత అది ఈశాన్యానికి తిరగడం, గజపతి జిల్లా బరఘరలో కొండచరియ విరిగి మనుషులు పోవడం వేరే ప్రశ్నలు. వాటిని విడిగా అడుగు: ఆ వాలు ముందే ప్రమాదమని తెలుసా, జనాన్ని తరలించే వీలుందా? అదే తుపానులో ఒక నష్టం దైవఘటన కావచ్చు, పక్కదే కాకపోవచ్చు.

పంట బీమా పేరాలోనూ దైవం అక్కర్లేదు. కేంద్రం నడిపే ఫసల్ బీమా పథకంలో ప్రమాదాలు పేరుపేరునా రాసి ఉంటాయి. వడగళ్లు, కొండచరియలు, పొలం ముంపు లాంటి స్థానిక నష్టమైతే 72 గంటల్లోగా తెలియజేయాలి. కోసి పొలంలో ఆరబెట్టిన పంటకి 14 రోజుల వరకే రక్ష. రైతులు దెబ్బతినేది చాలాసార్లు ఈ గడువుల దగ్గరే.

'విలయతాండవం' మూడుసార్లు వాడావు, మూడూ తీసెయ్. ఆ చోట గాలి వేగం రాయి.

ఉంటాను.

తా.క. నీ వ్యాసంలో సంభాషణ నడిపే పాత్ర ఒడిశాలోని ఈ పర్లాకిమిడి మనిషి, తహసీలు ఆఫీసులో మాట్లాడుతున్నాడు. అక్కడి ఒడియా కాగితాల మీద తుపాను 'బాత్యా', విపత్తు 'దైబీ దుర్బిపాక'. అతను ఇంట్లో 'గాలివాన' అని, కౌంటరు దగ్గర 'బాత్యా' అని అంటే సంభాషణ నమ్మేలా ఉంటుంది.