గనేరియా మందులకు ఎందుకు లొంగదు, మగవాళ్లలో ముప్పు ఎవరికి?

రాయగడ నుంచి మీరడిగింది: మూత్రంలో మంట, చీము, మందుల షాపులో సిప్రోఫ్లోక్సాసిన్ కొని మూడు రోజులు మింగినా తగ్గలేదు, ఎందుకని?

ఇవి లైంగికంగా అంటుకునే గనేరియా లక్షణాలు కావచ్చు. గనేరియా క్రిమి పెన్సిలిన్‌కీ, టెట్రాసైక్లిన్‌కీ, ఆ తర్వాత సిప్రోఫ్లోక్సాసిన్‌కీ వరసగా మొండికేసింది. మన దేశంలో ఈ జబ్బుకి సిప్రో దాదాపు పనిచేయదు. షాపులో అడిగి వాడటం, సగంలో ఆపేయడం, ఈమధ్యే వేరే జబ్బుకి యాంటీబయాటిక్ వాడి ఉండటం, ఇదివరకే గనేరియా వచ్చి ఉండటం, కండోమ్ లేకుండా ఎక్కువమందితో కలవడం ముప్పు పెంచుతాయి. మగవాళ్లతో కలిసే మగవాళ్లలోనూ ఎక్కువే.

చాలామందికి తెలియనిది గొంతు సంగతి. నోటి ద్వారా కలిస్తే క్రిమి గొంతులో చేరుతుంది, నొప్పి ఉండకపోవచ్చు. అక్కడ మామూలుగా ఉండే దాని చుట్టం క్రిముల నుంచి మందుని తట్టుకునే జన్యువులు అందుకుంటుంది. పైగా గొంతులో మందు సరిగా పనిచేయదు. డాక్టరుకి ఇది దాచకండి.

ఇంకో మాత్ర కొనకండి. ప్రభుత్వ జిల్లా ఆసుపత్రుల్లో ఇలాంటి సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌లు ఉంటాయి, వైద్యం ఉచితం. ఒడియా రాదని ఆగిపోవద్దు, రాయగడలో తెలుగు అర్థమయ్యేవాళ్లు చాలామందే. సిప్రో వాడిన సంగతి చెప్పి, చీము కల్చర్ పరీక్ష (క్రిమిని పెంచి ఏ మందుకి లొంగుతుందో చూసేది), హెచ్‌ఐవీ పరీక్ష చేయమని అడగండి. సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ ఇప్పటికీ చాలావరకు పనిచేస్తోంది. మీతో కలిసినవాళ్లకీ వైద్యం జరగాలి, లేకపోతే మళ్లీ మీకే అంటుకుంటుంది.