సెకండ్ హ్యాండ్ ఇన్నోవా క్రిస్టా ఏడుగురున్న ఇంటికి నమ్మకంగా, సౌకర్యంగా ఉంటుందా?

నమ్మకం విషయంలో నిస్సందేహంగా ఉంటుంది. సౌకర్యం మాత్రం ఎవరు ఎక్కడ కూర్చుంటారన్న దాన్ని బట్టి.

2016లో వచ్చిన క్రిస్టా 2.4 లీటర్ డీజిల్ ఇంజన్‌లో టైమింగ్ బెల్ట్ (ఇంజన్ భాగాలను ఒకదానితో ఒకటి కలిపి తిప్పే రబ్బరు పట్టీ) బదులు చైన్ ఉంటుంది కాబట్టి పాత 2.5 ఇన్నోవాలా బెల్ట్ మార్పించే ఖర్చు లేదు. ఆయిల్, ఫిల్టర్లు వేళకు మారిస్తే రెండు లక్షల కిలోమీటర్లు దాటినా టెన్షన్ పెట్టదు. తిరుపతి కిరాయిలకు తిరిగే బండ్ల డ్రైవర్లను ఎవరినైనా అడిగి చూడండి.

ఇది ఛాసిస్ (విడిగా ఉండే ఉక్కు చట్రం) మీద కట్టిన బరువైన బండి. నిండుగా ఎక్కితే గతుకుల్లో నిబ్బరంగా సాగుతుంది, ఖాళీగా ఉంటే వెనక ఎగురుతుంది. మూడో వరుస వెనక ఇరుసు దగ్గర ఉండడంతో ఘాట్ రోడ్డులో అక్కడి పిల్లలకు తిప్పుతుంది. ఏడుగురూ కూర్చుంటే డిక్కీలో రెండు మూడు బ్యాగులకే చోటు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు ఎక్కడమూ కష్టమే, కానీ నడి వరుసలోని విడి సీట్లలో కూర్చున్నాక వాళ్ళు దిగనంటారు! బడ్జెట్ పెంచగలిగితే 2022 చివర్లో వచ్చిన ఇన్నోవా హైక్రాస్ చూడండి. దానికి విడి ఛాసిస్ లేదు, ఎక్కడం తేలిక.

కొనేటప్పుడు ఆర్సీ చరిత్ర తప్పక చూడండి. కిరాయికి తిరిగిన పసుపు ప్లేటు బండ్లను సొంత బండ్ల తెల్ల ప్లేటుకు మార్పించి అమ్మేవాళ్ళున్నారు. మీటర్ తక్కువ చూపిస్తున్నా బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే ఆ బండి వదిలేయండి.