ఓరకంటికి అందరూ అందగాళ్లే

"ఓరకంట చూసినప్పుడు అందంగా అనిపించిన మనిషి, తల తిప్పి నేరుగా చూస్తే అంత అందంగా ఎందుకు అనిపించరు?" అని ఒకరు అడిగారు. పెళ్లిచూపుల్లో తల దించుకుని కూర్చున్న ఏ ఆడపిల్లనడిగినా చెబుతుంది. నేనూ కూర్చున్నాను, తెనాలిలో, మా పెద్దమ్మ పెట్టిన రూలు ప్రకారం. కాఫీలు ఇచ్చేసి చాప మీద కూర్చోవాలి, ఎవరైనా ఏదైనా అడిగితే తప్ప తల ఎత్తకూడదు.

అబ్బాయి నాకు కుడివైపు, కిటికీ పక్కన. నా కళ్లు టీపాయ్ మీద జీడిపప్పు ప్లేటు దగ్గరున్నాయి. కంటి చివర ఒత్తైన జుట్టు, వెడల్పు భుజాలు, మీద పడుతున్న ఎండ, అంతే. ముక్కు ఎలా ఉందో నాకు కనిపించలేదు గానీ నా బుర్ర ఆయనకొక మంచి ముక్కు పెట్టేసింది, పళ్లు కూడా వరసగా సర్దేసింది. ఇంతలో వాళ్లమ్మగారు "పాటలేమైనా వచ్చా అమ్మా?" అనడంతో తల ఎత్తాను. మామూలు ముక్కు, కనుబొమ్మ మీద కుట్ల మచ్చ, అలిసిపోయిన కళ్లు. ముఖం బాగానే ఉంది, కాకపోతే అప్పటిదాకా నేను చూసిన మనిషి మాత్రం ఆ గదిలో లేడు. (సంబంధం తప్పింది ముక్కు వల్ల కాదు, కట్నం లెక్కల దగ్గర. అదో పెద్ద గోల.)

చెయ్యి పూర్తిగా చాచి బొటనవేలి గోరు చూడండి. మన కంటికి నిజంగా స్పష్టంగా కనిపించేది దాదాపు అంత మేరే. రంగునీ చిన్న చిన్న వివరాలనీ పట్టుకునే కోన్ కణాలు రెటీనా (కంటి లోపల వెనకవైపు ఉండే పొర) మధ్యలోనే కిక్కిరిసి ఉంటాయి, పక్కలకు వెళ్లేకొద్దీ పలచబడతాయి. కాబట్టి ఓరచూపులో మచ్చలు, మొటిమలు, వంకర పళ్లు అందవు. జుట్టు, ముఖం ఆకారం, కదలిక అందుతాయి, మిగతాది బుర్ర ఊహించుకుంటుంది, అదీ ఉదారంగా. అసలు జీవితాంతం కలిసి ఉండాల్సిన మనిషిని చాప మీద నుంచి పక్కచూపుతో చూడమనడం ఏం పద్ధతో నాకర్థం కాదు. కుర్చీలు ఎదురెదురుగా వేస్తే ఎవరి సొమ్ము పోతుంది?

అయితే ఓరచూపు ఎప్పుడూ అందంగానే చూపిస్తుందనుకోకండి. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ వాళ్లు 2011లో బయటపెట్టిన ఒక భ్రమ ఉంది. స్క్రీన్ మధ్యలో ఒక గుర్తు ఉంటుంది, దాన్నే చూస్తుండాలి. రెండు పక్కలా ముఖాలు, కళ్లు ఒకే వరసలో ఉండేలా, చకచకా మారిపోతుంటాయి. మా తమ్ముడు లాప్‌టాప్‌లో పెట్టి చూపించాడు. కాసేపటికి ఒకరికి నుదురు ఉబ్బిపోయింది, ఇంకొకరికి దవడ వేలాడింది, అందరూ రాక్షసులే. ఆపి చూస్తే ఒక్కొక్కరూ చక్కగా ఉన్నారు! అంతకుముందు వచ్చిన ముఖంతో ఉన్న తేడాని బుర్ర పెంచి చూపిస్తుందన్నమాట. అంటే పక్కచూపులో ఒక్కరే నిదానంగా ఉంటే అందగాడు, వరసగా పరిగెత్తితే దయ్యం.

మసకబారిన ముఖాలే మనకు ఎక్కువ నచ్చుతాయనడానికి నా దగ్గరున్న గట్టి సాక్ష్యం పెళ్లి సంబంధాలకు పంపే ఫోటోలు. చర్మం మీద గీత అనేది లేకుండా నున్నగా తుడిచేస్తారు, అచ్చం కంటి చివర కనిపించినట్టే ఉంటుంది. మా ఊళ్లో ఒక స్టూడియో ఆయన నా గడ్డం మీది పుట్టుమచ్చ కూడా తీసేశాడు. మళ్లీ పెట్టమంటే "అది ఉంటే సంబంధాలు రావమ్మా" అని, పెట్టినందుకు వేరేగా డబ్బులు అడిగాడు.