శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గర ఫ్లాట్ కొనేముందు రన్‌వే ఎటుందో చూడండి

మీ ప్రశ్నలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట చివర్లో ఉంది. నెలలో సగం రోజులు ఢిల్లీ, ముంబై తిరిగే ఉద్యోగం కాబట్టి ఎయిర్‌పోర్టుకు పది కిలోమీటర్ల లోపు టూ బీహెచ్‌కే చూస్తున్నాను, కొనొచ్చా అని అడిగారు. చివర్లో మీరే రాసినట్టు, ఇంట్లో ఉండేది మాత్రం మీ అమ్మగారు, మీ ఆవిడ, ఏడాది పాప. అంటే సౌకర్యం మీది, మోత వాళ్ళది. నా జవాబంతా వాళ్ళ వైపు నుంచే చెబుతాను.

మేము కొన్నేళ్ళుగా ఎయిర్‌పోర్టుకు తూర్పున, తుక్కుగూడ దాటాక రావిర్యాల వైపు సొంత ఫ్లాట్‌లో ఉంటున్నాం. మా బావగారి వాళ్ళది ఎయిర్‌పోర్టుకు ఉత్తరాన ఉన్న శాతంరాయి. ఎయిర్‌పోర్టు నుంచి దూరం చూస్తే రెండిళ్ళకీ పెద్ద తేడా లేదు. అయినా వాళ్ళింట్లో విమానం చప్పుడు అంతగా తెలియదు, బెంగళూరు హైవే మీద లారీల హారన్లదే గోల. మా ఇంట్లో అయితే ఫోన్లో మాట్లాడుతూ మధ్యలో ఆగి, విమానం పోయాక మళ్ళీ అందుకోవడం అందరికీ అలవాటైపోయింది.

తేడా అంతా రన్‌వే దిక్కులో ఉంది. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా వేశారు. వాటి మీద రాసే 09, 27 అంకెలకు అర్థం 90, 270 డిగ్రీలని, అంటే తూర్పు, పడమర. అందువల్ల ఆ గీతకు తిన్నగా తూర్పునో పడమరనో ఉన్న ఊళ్ళ మీదుగా విమానాలు వెళ్తాయి. శాతంరాయిలా ఉత్తరాన ఉన్నవాటికి ఆ బాధ తక్కువ. బ్రోచర్‌లో 'ఎయిర్‌పోర్టుకు 15 నిమిషాలు' అని వేస్తారు కానీ, ఈ సంగతి ఏ బిల్డరూ వేయడు.

ఇంకో సంగతి. విమానం గాలికి ఎదురుగా దిగుతుంది, గాలికి ఎదురుగానే లేస్తుంది. వానాకాలంలో పడమటి గాలి వీస్తుంది కాబట్టి దిగే విమానాలు తూర్పు నుంచి, ఆదిభట్ల, రావిర్యాల వైపు నుంచి ఒకదాని వెనక ఒకటి వస్తాయి. చలికాలంలో గాలి తిరిగాక దిగేవి పడమటి నుంచి వస్తాయి, మా వైపుకి లేచేవి వస్తాయి. లేచే విమానం గట్టిగానే అరుస్తుంది కానీ త్వరగా పైకెళ్ళి తన దారిలోకి తిరిగిపోతుంది. దిగేవాటికి ఆ వీలు లేదు, చివరి కొన్ని కిలోమీటర్లూ ఒకే గీత మీద, దాదాపు మూడు డిగ్రీల వాలులో రావాలి. ఆ లెక్కన రన్‌వే కొసకు పది కిలోమీటర్ల దూరంలో విమానం సుమారు 520 మీటర్ల ఎత్తులో ఉంటుంది, ఐదు కిలోమీటర్ల దగ్గర 260 మీటర్లే. మీరు చూస్తున్న ఫ్లాట్ ఈ రెంటిలో దేనికి దగ్గరో మ్యాప్‌లో కొలుచుకోండి. రన్‌వే గీతను అటూ ఇటూ పొడిగించి చూస్తే ఐదు నిమిషాల పని.

ఏజెంట్ ఆదివారం పదకొండింటికి తీసుకెళ్ళి ఫ్లాట్ చూపిస్తాడు. ఆ గంటలో మీకేమీ తెలియదు. గల్ఫ్ వైపు, విదేశాల వైపు వెళ్ళే విమానాలు చాలామటుకు అర్ధరాత్రి నుంచి తెల్లవారు లోపే కదులుతాయి. అందుకని రాత్రి రెండు దాటాక ఒకసారి వెళ్ళండి, కుదిరితే వానాకాలంలో. వాచ్‌మన్‌తో మాట్లాడి, అదే బ్లాక్‌లో పై అంతస్తులో ఉంటున్న వాళ్ళను ఒక్క మాట అడగండి. ఫ్లైట్‌రాడార్24 యాప్‌లో గడిచిన రోజుల్లో ఏ విమానం ఏ దారిన, ఎంత ఎత్తులో వెళ్ళిందో వెనక్కి తిప్పి చూడొచ్చు. మీ బిల్డింగ్ దగ్గర ఎత్తు ఎంత చూపిస్తోందో గమనించండి. టెర్మినల్‌ను ఏడాదికి 1.2 కోట్ల మంది స్థాయి నుంచి 3.4 కోట్లకు పెంచారు కాబట్టి, మీరు ఇవాళ వినే మోత రేపు పెరుగుతుందే తప్ప తగ్గదు. ఫిర్యాదు చేద్దామన్నా దారి సన్నం. మామూలు నివాస ప్రాంతానికి చప్పుడు హద్దు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రద్దీ ఎయిర్‌పోర్టుల చుట్టూ గుర్తించే నాయిస్ జోన్‌కు 2018లో కేంద్రం పెట్టిన హద్దు పగలు 70, రాత్రి 65. అంటే మామూలు హద్దు దాటిన మోత కూడా ఆ జోన్‌లో నిబంధన లోపలే ఉండొచ్చు.

పిల్లల సంగతి చెబుతాను, మీకు అదే కావాలి. మా బాబు పసివాడిగా ఉన్నప్పుడు విమానం చప్పుడుకు లేచేవాడు కాదు, కిటికీ అదురుకు లేచేవాడు. బిల్డర్ పెట్టిన స్లైడింగ్ కిటికీలో రెండు పలకల మధ్య సందు ఉంటుంది, అందులోంచి గాలి, దుమ్ము, మోత అన్నీ వస్తాయి. పడకగది వరకు ఆ కిటికీ తీసేసి, రబ్బరు బీడింగ్‌తో గట్టిగా మూసుకునే తలుపు రకం యూపీవీసీ కిటికీ, డబుల్ గ్లాస్ పెట్టించాం. అదురు పూర్తిగా పోయింది, మోత నిద్ర చెడనంతగా తగ్గింది. కాకపోతే కిటికీ మూసి ఉంటేనే ఆ లాభం. అంటే వేసవి రాత్రంతా ఏసీ, ఆ కరెంటు బిల్లు. మీ అమ్మగారు బాల్కనీలో కూర్చుని సాయంత్రాలు గడిపే మనిషైతే, కిటికీలు మార్చినంత మాత్రాన ఆవిడకు ఒరిగేదేమీ లేదు.

లాభాలు లేవనడం లేదు, మేం ఇక్కడే ఉంటున్నాం కదా. తెల్లవారుజామున ఫ్లైట్ ఉన్నప్పుడు ఊరి అవతల నుంచి వచ్చేవాళ్ళ టెన్షన్ మాకు తెలియదు. అమెరికా నుంచి వచ్చే చుట్టాలందరికీ మా ఇల్లే మొదటి మజిలీ. ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే కాబట్టి గచ్చిబౌలి వెళ్ళడం మెహదీపట్నం వెళ్ళినదానికన్నా తేలిక, టోల్ మాత్రం నెల ఖర్చులో రాసుకోవాలి. అద్దెకిచ్చే ఉద్దేశం ఉంటే కూడా మంచిదే. షిఫ్టుల్లో పనిచేసే ఎయిర్‌లైన్ స్టాఫ్, కార్గో వాళ్ళు, ఆదిభట్లలో ఉద్యోగాలు చేసేవాళ్ళు వెతుక్కుంటూ వస్తారు. బళ్ళు, పెద్దాసుపత్రి, వేసవిలో నీళ్ళ ట్యాంకర్ ఇవన్నీ ఎక్కడైనా విచారించేవే, ఇక్కడ ఇంకాస్త గట్టిగా విచారించండి.

మెట్రో వస్తుందని రేటు పెంచి చెబితే మాత్రం వినకండి. రాయదుర్గం నుంచి ఎయిర్‌పోర్టుకు మెట్రో అని 2022 డిసెంబరులో శంకుస్థాపన చేశారు. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది, ఆ మార్గం రద్దయింది. తర్వాత నాగోలు, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా వేరే మార్గం తయారుచేశారు. మొదటి మార్గాన్ని నమ్మి డబ్బులు పెట్టినవాళ్ళను తెలుసు. రైలు కళ్ళపడే దాకా దానికి ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వొద్దు.

2025 జూన్‌లో అహ్మదాబాద్‌లో విమానం మెడికల్ కాలేజీ హాస్టల్ మీద పడ్డాక మా అమ్మ కూడా ఇల్లు మారదామంది. అలాంటిది చాలా అరుదని చెప్పగలం, భయపడొద్దని చెప్పలేం. రన్‌వే కొసకు తిన్నగా మొదటి ఐదారు కిలోమీటర్లలో మోత ఒక్కటే చూసుకున్నా నేను కొనమనను, ఆ భయం ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే అసలు కొనమనను. మీ ఇంట్లో వాళ్ళ పరిస్థితికి ఉత్తరాన, హైవేకి కాస్త లోపలగా శాతంరాయి, రాజేంద్రనగర్ వైపు చూడమంటాను. మీకు పది పదిహేను నిమిషాలు ఎక్కువ పడితే పడనివ్వండి.

ఇక కాగితాలు. రెరా నంబరు, టైటిల్ అందరూ చూస్తారు. ఇక్కడ అదనంగా రెండు చూడాలి. ఒకటి, ఆ సర్వే నంబరు 1996 నాటి 111 జీవో కిందికి వచ్చిన 84 గ్రామాల్లో ఉందా అని. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల కోసం పెట్టిన ఆ ఆంక్షలను 2022లో 69 జీవోతో సడలించారు కానీ షరతులున్నాయి, కాబట్టి పర్మిషన్ ఎవరిచ్చారో, ఎప్పుడిచ్చారో లాయరుకు చూపించండి. రెండోది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఇచ్చే ఎత్తు ఎన్‌ఓసీ, అంటే ఆ ఎత్తుకు అభ్యంతరం లేదనే పత్రం. అందులో బిల్డింగ్ పైకొస సముద్రమట్టం నుంచి ఎన్ని మీటర్లు దాటకూడదో రాసి ఉంటుంది. నీళ్ళ ట్యాంకు, లిఫ్టు గది, యాంటెన్నా అన్నీ ఆ లెక్కలోనే. ఎన్‌ఓసీలో ఉన్న ఎత్తుకు ఎన్ని అంతస్తులు సరిపోతాయో మీ ఇంజినీరుతో లెక్క వేయించండి, పై రెండు అంతస్తుల్లో కొనేవాళ్ళయితే తప్పనిసరిగా. ఆ కాపీ ఇవ్వడానికి బిల్డర్ రేపు మాపు అంటే అడ్వాన్స్ ఇవ్వకండి.