పది రోజులకు రాసిన నొప్పి మాత్ర.. ఆరు నెలలుగా ఆగట్లేదు

ప్రశ్న: నాన్నగారికి 68 ఏళ్లు. ఆరు నెలల క్రితం నడుముకు డిస్క్ ఆపరేషన్ అయింది. అప్పుడు ట్రమడాల్, పారాసిటమాల్ కలిసిన మాత్ర రోజుకు రెండు చొప్పున పది రోజులకు రాశారు. ఇప్పటికీ అదే వాడుతున్నారు, రోజుకు నాలుగు వేసుకుంటే గానీ తగ్గట్లేదు. ఒక్కరోజు మానితే చెమటలు, వణుకు. నిద్రకు అమ్మ వాడే ఆల్ప్రజోలం కూడా వేసుకుంటున్నారు. మలబద్ధకం బాగా ఉంది. దానికేం వాడాలి? కిడ్నీలు పాడవుతాయా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీరు మలబద్ధకం గురించి అడిగారు గానీ, నాకు ముందు భయం వేసింది ఆల్ప్రజోలం గురించి చదివాకే. ట్రమడాల్ ఓపియాయిడ్ జాతి మందు, అంటే మార్ఫిన్ కోవకు చెందిన నొప్పి మందు. దానికి నిద్రమాత్ర తోడైతే మెదడు మందగించి, నిద్రలోనే ఊపిరి నెమ్మదిస్తుంది. మద్యం కలిసినా అంతే. అమ్మగారి మాత్ర ఆయనకు ఇవ్వకండి. అయితే రోజూ చాలాకాలంగా వేసుకుంటుంటే దాన్నీ ఒక్కసారిగా ఆపకూడదు, ఫిట్స్ రావచ్చు. అందుకే ఇవాళో రేపో డాక్టర్‌కు చూపించండి. ఎప్పుడైనా లేపినా లేవకపోయినా, గురక వింతగా, ఆగి ఆగి వస్తున్నా, పెదవులు నీలంగా మారినా ‘పడుకోనిద్దాం’ అనుకోకుండా 108కి ఫోన్ చేయండి.

ఒకరోజు మానితే వచ్చే చెమటలు, వణుకు, ఆవలింతలు, ముక్కు కారడం, ఒళ్లు గగుర్పొడవడం చాలావరకు మందుకు శరీరం అలవాటు పడిన లక్షణాలే. నడుం నొప్పి ఎక్కువవడం కూడా కొంత దానివల్లే కావచ్చు. దీన్ని మీ నాన్నగారి బలహీనత అనుకోకండి, ఆయన్ని తిట్టకండి. ట్రమడాల్ కూడా ఉన్నపళంగా మానేయకూడదు. వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి. ఎంత తగ్గించాలో ఆయన్ని చూడకుండా నేను చెప్పలేను.

నా ఓపీకి వచ్చిన ఒక పెద్దాయన జేబులోంచి తీసిన చీటీ మడతల దగ్గర చిరిగిపోతే సెల్లోటేప్ అంటించి ఉంది. ఏడాది కిందటి తేదీ. ఆ ఏడాదంతా మందుల షాపులో అది చూపిస్తే చాలు, ఇచ్చేశారట. ట్రమడాల్ షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలోది. అమ్మితే పేషెంటు పేరు, డాక్టర్ పేరు రిజిస్టర్‌లో రాయాలి. 2018లో దీన్ని మాదకద్రవ్యాల చట్టం కిందకీ తెచ్చారు. అయినా పాత చీటీకి మందు దొరుకుతోంది, మనమూ కొంటున్నాం. దయచేసి ఇది మానండి. డాక్టర్ పది రోజులని రాస్తే, పదకొండో రోజు కూడా నొప్పి ఉంటే మళ్లీ చూపించమని అర్థం.

కిడ్నీల విషయానికొస్తే, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులంత నేరుగా ట్రమడాల్ వాటిని దెబ్బతీయదు. కానీ కిడ్నీలు ముందే బలహీనంగా ఉంటే మందు ఒంట్లో పేరుకుపోతుంది. క్రియాటినిన్ పరీక్ష చేయించండి. డిప్రెషన్‌కు గానీ, టెన్షన్‌కు గానీ ఎస్సిటలోప్రామ్ లాంటివి వాడుతుంటే తప్పక చెప్పండి. రెండూ కలిస్తే ఫిట్స్, తీవ్రమైన జ్వరం, వణుకు రావచ్చు. షుగర్ మందులున్నా చెప్పండి, ట్రమడాల్‌తో కొందరికి షుగర్ పడిపోతుంది.

మలబద్ధకం ఈ మందు వల్లే అయ్యుండొచ్చు. నీళ్లు సరిగా తాగకుండా ఇసబ్‌గోల్ వేస్తే ఇంకా బిగుస్తుంది. లాక్టులోజ్ లాంటిది డాక్టర్ రాస్తారు. మూత్రం ఆగుతున్నా, మలద్వారం చుట్టూ తిమ్మిరి ఉన్నా, కాళ్లలో పట్టు తగ్గినా మాత్రం అదే రోజు సర్జన్ దగ్గరకు వెళ్లాలి. అది మందు వల్ల కాకపోవచ్చు, నరాలు నొక్కుకుపోతుండొచ్చు.

ఇదంతా చదివి ఇలాంటి మందులంటేనే బెదిరిపోకండి. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు, క్యాన్సర్ నొప్పికి ఇవి చాలా అవసరం. క్యాన్సర్ రోగికి డాక్టర్ రాసిన మార్ఫిన్‌ను ‘అలవాటవుతుంది’ అని ఇంట్లోవాళ్లు దాచేయడం కూడా నేను చూశాను. అదీ తప్పే.

సర్జన్‌తోపాటు సైకియాట్రిస్ట్‌నూ కలవండి, ఈ అలవాటు మాన్పించడం వాళ్లకు తెలిసిన పని. వెంటనే మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రల స్ట్రిప్పులన్నీ, ఆ పాత చీటీ, అమ్మగారి మందులు కూడా ఒక సంచిలో వేసుకుని వెళ్లండి.