పోర్షన్ ఇవ్వచ్చు, పడక వేసే ముందు వయసు చూడండి

ప్రశ్న: మాది నెల్లూరు. నలభై ఏళ్లుగా చెన్నై పెరంబూరులో సొంతింట్లో ఉంటున్నాం. మేడమీద పోర్షన్ ఖాళీగా ఉంది. ఇల్లు వదిలి వచ్చి స్టేషన్లలో, ఫుట్‌పాత్‌ల మీద గడిపే కుర్రవాళ్ల కోసం దాన్ని ఇద్దామనుకుంటున్నాం. పగలు స్నానం, భోజనం, ఫోన్ ఛార్జింగ్, చదువుకోవడానికి బల్ల. రాత్రి పదిమందికి పడక. అమెరికా పౌరసత్వం తీసుకున్న మా అబ్బాయి నెలనెలా డబ్బు పంపుతానంటున్నాడు. దీనికి అనుమతులేమైనా కావాలా? ఎవరి తల్లిదండ్రులైనా పోలీసులతో వస్తే మా మీద కేసు అవుతుందా?

జవాబు: 'కుర్రవాళ్లు' అన్నారు గానీ వయసు రాయలేదు. మీరు అడిగిన వాటిలో సగానికి జవాబు ఆ ఒక్క అంకెలో ఉంది. పద్దెనిమిది నిండినవాడికి ఆశ్రయం ఇవ్వడం మీ ఇష్టం, అతని ఇష్టం. పదిహేడేళ్ల పదకొండు నెలలవాడికి ఇస్తే మాత్రం బాలల న్యాయ చట్టం, 2015 వర్తిస్తుంది.

ఆ చట్టం 41వ సెక్షన్ ప్రకారం, సంరక్షణ అవసరమైన పిల్లలకు పూర్తిగా గానీ పాక్షికంగా గానీ వసతి ఇచ్చే ప్రతి సంస్థా రిజిస్టర్ కావాలి. 'పాక్షికంగా' అన్న మాట గమనించండి. పది పడకల్లో రెండు మైనర్లకిచ్చినా చాలు. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే 42వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. దరఖాస్తు చెయ్యడంలో ప్రతి ముప్ఫై రోజుల ఆలస్యాన్నీ విడి నేరంగా లెక్కేస్తారు. "సేవే కదా చేస్తున్నాం" అన్న వాదన ఇక్కడ పనిచెయ్యదు.

అందుకని నా సలహా ఇది. రాత్రి పడకలు పద్దెనిమిది నిండినవాళ్లకే పెట్టండి. పగటి సెంటర్‌కు మైనరు వస్తే అన్నం పెట్టండి, తరిమెయ్యకండి. అయితే దిక్కులేని పిల్లవాడో తప్పిపోయినవాడో అనిపిస్తే 32వ సెక్షన్ ప్రకారం 24 గంటల్లో చైల్డ్‌లైన్‌కి (1098) గానీ, దగ్గరి పోలీస్ స్టేషన్‌కి గానీ, బాలల సంక్షేమ సమితికి గానీ తెలపాలి. ఫోన్ చేసిన టైము, అవతల మాట్లాడినవాళ్ల పేరు రిజిస్టర్‌లో రాసుకోండి. తెలపకపోతే ఆరు నెలల దాకా జైలు, పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ. లైంగిక దాడి జరిగిందని పిల్లలు చెబితే పోక్సో చట్టం కింద ఫిర్యాదు ఇవ్వక తప్పదు. అక్కడ రాజీలకు, నచ్చజెప్పడాలకు చోటు లేదు.

వయసు ఎలా తెలుస్తుంది? ఆధార్‌లో పుట్టిన తేదీ ఉంది కదా అని ఊరుకోకండి. పుట్టిన తేదీకి ఆధార్ నమ్మదగిన రుజువు కాదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ ముందుగా స్కూలు లేదా పదో తరగతి సర్టిఫికెట్‌ను చూస్తుంది. అది లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధృవపత్రం. రెండూ లేనప్పుడే వైద్య పరీక్ష, అదీ సమితి ఆదేశంతోనే. ఇల్లు వదిలి వచ్చినవాడి జేబులో సాధారణంగా ఈ కాగితాలేవీ ఉండవు. చదివిన బడికి ఫోన్ చేసి అడ్మిషన్ రిజిస్టర్ నకలు ఫొటో తెప్పించుకోవడం పనికొచ్చే దారి. అనుమానం తీరనివాణ్ణి ఆ రాత్రి పడుకోబెట్టకుండా 1098కి చెప్పండి. ఒరిజినల్స్ మాత్రం మీ బీరువాలో పెట్టుకోకండి.

ఆడపిల్లలకు కూడా వసతి ఇస్తే, వయసెంతైనా, తమిళనాడులో మరో చట్టం ఉంది. మహిళలు, పిల్లల హాస్టళ్లు, హోమ్‌ల నియంత్రణ కోసం 2014లో చేసినది. దాని సంగతి కలెక్టరేట్‌లో కనుక్కోకుండా ఒక్క పడకైనా వెయ్యకండి.

ఇక పోలీసుల సంగతి. మైనరును సంరక్షకుల నుంచి తప్పించారన్న ఆరోపణ వస్తే భారతీయ న్యాయ సంహిత 137వ సెక్షన్ కిడ్నాప్ దాకా పోతుంది. మీరు 24 గంటల్లో ఇచ్చిన సమాచారమే అప్పుడు మీకు రక్ష. మేజరైతే ఎక్కడ ఉండాలో తనే నిర్ణయించుకుంటాడు. మిస్సింగ్ కేసు పెట్టి ఉంటే పోలీసులు వచ్చి స్టేట్‌మెంట్ తీసుకోవచ్చు. సహకరించండి, దాచిపెట్టకండి. ఇంట్లోంచి గెంటేసినవాళ్లలో ట్రాన్స్, గే, లెస్బియన్ యువత కూడా ఉంటారు. వాళ్ల విషయంలో మద్రాసు హైకోర్టు 2021 జూన్‌లో సుష్మ కేసులో స్పష్టంగా ఆదేశించింది: మిస్సింగ్ కేసులో ఉన్నది ఇష్టపడి వచ్చిన మేజర్లని తేలితే, స్టేట్‌మెంట్ తీసుకుని వేధించకుండా ఫిర్యాదు ముగించాలి. ఆ ఉత్తర్వు ప్రింటు ఒకటి ఆఫీసు బల్ల సొరుగులో ఉంచండి.

మీరు అడగలేదు గానీ నాకు ఎక్కువ భయం ఇంటి కాగితాల మీదే. సెంటర్ నడిపేవాళ్లకు పోర్షన్‌ను నోటిమాటగా ఇవ్వకండి. గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేస్తే మనసు మార్చుకుని వెనక్కి తీసుకోలేరు. లీజు ఇస్తే పోర్షన్ మీద ఒక హక్కే వాళ్ల చేతికి వెళ్తుంది. పదకొండు నెలల రాతపూర్వక లైసెన్సు, అంటే హక్కేదీ ఇవ్వకుండా వాడుకోనిచ్చే అనుమతి, మీకు నప్పుతుంది. అందులోనూ ఓ మెలిక ఉంది. ఈజ్‌మెంట్స్ చట్టం, 1882 లోని 60వ సెక్షన్ ప్రకారం, లైసెన్సు పుచ్చుకున్నవాళ్లు దాన్ని నమ్మి సొంత ఖర్చుతో శాశ్వత కట్టడం కడితే ఆ లైసెన్సును రద్దు చెయ్యలేరు. బడి నడుపుకోమని ఇచ్చిన స్థలంలో శాశ్వత కట్టడం కట్టినందుకు యజమాని దాన్ని వెనక్కి తీసుకోలేకపోయిన కేసు 1987లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కాబట్టి బాత్‌రూములు కట్టాలంటే మీ డబ్బుతో, మీ పేరున బిల్లులతో కట్టించండి. లైసెన్సు పుచ్చుకున్నవాళ్లు ఏం కట్టినా రద్దు చేసే హక్కు మీదేనని పత్రంలో రాయించండి.

ఉండే కుర్రవాళ్ల దగ్గర నెలకు వంద రూపాయలైనా 'అద్దె' పేరున తీసుకోవద్దు, ఆ రసీదుతో అద్దెదారు వాదన మొదలవుతుంది. పడక నంబరు, ఉండే గడువు రాసిన చీటీ మీద సంతకం తీసుకుంటే చాలు.

దాతలు వచ్చి పిల్లలతో సెల్ఫీలు దిగుతామంటారు, కాదంటే నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి. సంరక్షణలో ఉన్న మైనరు ఎవరో తెలిసేలా ఫొటో బయటపెడితే బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

స్థానిక దాతల విరాళాలకు ట్రస్టు రిజిస్టర్ చేయించి, ఆదాయపు పన్ను మినహాయింపు సంగతి ఆడిటర్‌కు వదిలెయ్యండి. ఆ సెక్షన్ల నంబర్లు 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో మారాయి.

మీ అబ్బాయి డబ్బు వేరే కథ. అమెరికా పౌరుడు కనుక, ఓసీఐ కార్డున్నా (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చేది), విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) లెక్కలో ట్రస్టుకు అతనిచ్చేది విదేశీ విరాళమే. ఇండియన్ పాస్‌పోర్టు ఉండి ఉంటే కాదు. మామూలు రిజిస్ట్రేషన్‌కు సంస్థకు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో అసలు పనుల మీద 15 లక్షల ఖర్చు చూపాలి. కొత్త ట్రస్టుకు ఉన్న దారి ముందస్తు అనుమతి: ఫలానా దాత, ఫలానా పని, ఇంత మొత్తం అని చూపి కేంద్ర హోం శాఖకు దరఖాస్తు చెయ్యాలి. ఏ దారిలో వచ్చినా డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోనే పడాలి. మీ ఇంటి ఖర్చులకు కొడుకుగా పంపేది వేరు, ఏడాదికి పది లక్షలు దాటితేనే దాన్ని ప్రభుత్వానికి తెలపాలి. ఆ డబ్బే మీ ఖాతా మీదుగా నెలనెలా ట్రస్టుకు చేరితే అది దొడ్డిదారి అవుతుంది. సెలవులకు వచ్చినప్పుడు అతను రూపాయల్లో చేతికిచ్చినా లెక్క మారదు.