యాంటీ టీపీఓ 640: ఇప్పుడే థైరాయిడ్ మాత్ర వేసుకోవాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 32. కొన్ని నెలలుగా నీరసంగా ఉంటోంది, జుట్టు బాగా రాలుతోంది. పరీక్షలు చేయిస్తే టీఎస్‌హెచ్ 3.1 వచ్చింది, ఫ్రీ టీ4 కూడా మామూలుగానే ఉంది. కానీ యాంటీ టీపీఓ 640 అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. ల్యాబ్ వారి పరిమితి 34. మా అమ్మ పదిహేనేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటోంది. క్యాబేజీ మానేసి, మూడు నెలలకోసారి పరీక్ష చేయించుకుంటూ ఆ అంకెను తగ్గించుకోమని బంధువులు అంటున్నారు. మేము రెండో బిడ్డ కోసం అనుకుంటున్నాం. నేను ఇప్పుడే మాత్ర మొదలుపెట్టాలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరు రాసిన ఫలితాలను బట్టి చూస్తే ఇప్పటికిప్పుడు మాత్ర అవసరం కనిపించడం లేదు. ఎర్ర అక్షరాలు చూసి భయపడటం సహజమే, కానీ థైరాయిడ్ గ్రంథి ఎలా పనిచేస్తోందో చెప్పేది ఆ అంకె కాదు, టీఎస్‌హెచ్ అనే హార్మోన్. గ్రంథి మందగిస్తే దాన్ని తొందరపెట్టడానికి మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్‌ను పెంచుతుంది. మీలో ఆ తొందరపాటు ఇంకా మొదలు కాలేదు.

అయోడిన్‌ను కలిపి థైరాయిడ్ హార్మోన్ తయారుచేయడానికి గ్రంథిలో ఉండే ఎంజైమ్ పేరే టీపీఓ. శరీర రక్షణ వ్యవస్థ పొరబడి సొంత గ్రంథినే పరాయిదిగా భావించినప్పుడు ఈ ఎంజైమ్‌కు వ్యతిరేకంగా యాంటీబాడీలు పుడతాయి. 1912లో జపాన్ వైద్యుడు హకరు హషిమోటో, నలుగురు స్త్రీల నుంచి శస్త్రచికిత్సతో తీసిన గ్రంథుల్లో తెల్ల రక్తకణాలు గుంపులు గుంపులుగా చేరి ఉండటాన్ని గమనించి వర్ణించాడు. అందుకే ఈ జబ్బుకు ఆయన పేరు వచ్చింది. గ్రంథిని దెబ్బతీయడంలో ప్రధాన పాత్ర ఆ కణాలదే. యాంటీబాడీలు ఎక్కువగా ఆ దాడికి ఆనవాళ్లు. కాబట్టి 640 ఉన్నవారి గ్రంథి 200 ఉన్నవారి గ్రంథి కంటే మూడింతలు చెడిపోయిందని లెక్క వేయకూడదు. పైగా ల్యాబ్ మారితే కిట్ మారుతుంది, కిట్‌తో పాటు పరిమితీ మారుతుంది. యాంటీబాడీలు ఉన్నాయని ఒకసారి తేలాక మళ్లీ మళ్లీ ఆ పరీక్ష చేయించడం, నా ఉద్దేశంలో, డబ్బు దండగ.

అలాగని ఫలితాన్ని పక్కన పెట్టేయనూ కూడదు. ఇంగ్లాండ్‌లోని విక్‌హామ్ ప్రాంతవాసులను 20 ఏళ్ల పాటు గమనించిన అధ్యయనంలో, యాంటీబాడీలు మాత్రమే ఉన్న స్త్రీలలో ఏటా వందకు ఇద్దరికి, టీఎస్‌హెచ్ కూడా పెరిగి ఉన్నవారిలో నలుగురికి పైగా హైపోథైరాయిడిజం (గ్రంథి మందగించి హార్మోన్ తగ్గిపోవడం) వచ్చింది. మీరు మొదటి వర్గంలోకి వస్తారు. అమ్మగారికి ఉంది కనుక ఏడాదికోసారి టీఎస్‌హెచ్ చూపించుకుంటే సరిపోతుంది.

ఇక నీరసం, జుట్టు రాలడం. టీఎస్‌హెచ్ 3.1 ఉన్నప్పుడు వీటిని థైరాయిడ్ మీదకు నెట్టే ముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), విటమిన్ బి12 చూడాలి; థైరాయిడ్ యాంటీబాడీలు ఉన్నవారిలో బి12 లోపం కూడా తరచుగా కనిపిస్తుంది. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు గానీ వాడుతున్నారా? ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని యంత్రాల్లో థైరాయిడ్ ఫలితాలను తారుమారు చేస్తుంది, కాబట్టి రక్తం ఇవ్వడానికి కనీసం రెండు రోజుల ముందు ఆపాలి.

ఉడికించిన క్యాబేజీని మామూలు మోతాదులో నిశ్చింతగా తినండి. అయోడిన్ ఉప్పు మానవద్దు. అయోడిన్ మాత్రలు, సముద్రపు నాచు పొడులు మాత్రం సొంతంగా మొదలుపెట్టవద్దు.

రెండో బిడ్డ విషయంలోనే అసలు జాగ్రత్త కావాలి, ఎందుకంటే కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ అవసరం పెరుగుతుంది, యాంటీబాడీలు ఉన్న గ్రంథి ఆ అదనపు బరువును మోయలేకపోవచ్చు. గర్భం నిలవకముందే ఒకసారి, నిలిచిందని తెలియగానే మరోసారి, ఆ తర్వాత సగం నెలలు నిండేదాకా సుమారు నాలుగు వారాలకోసారి టీఎస్‌హెచ్ చూడాలి. గర్భిణిగా ఉండగా అది 2.5 దాటితే చిన్న మోతాదు మాత్ర ఇవ్వాలా వద్దా అనేది మీ వైద్యురాలు నిర్ణయిస్తారు. 4 దాటితే సాధారణంగా ఇస్తాం. కాన్పు అయ్యాక మొదటి ఏడాదిలో గుండెదడ, చిరాకు, ఆ తర్వాత విపరీతమైన అలసట వస్తే బాలింత బలహీనత అనుకుని ఊరుకోకుండా మళ్లీ రక్తపరీక్ష చేయించండి. అప్పటిదాకా అమ్మగారి డబ్బాలోంచి ఒక మాత్ర తీసి వేసుకుని చూద్దామన్న ఆలోచన మాత్రం వద్దు. ఆ మోతాదు ఆవిడ కోసం లెక్క కట్టినది.